పడని మందు

రవళి మొదటిసారి పడిపోయింది బడి ప్రార్థనలో. ముందు వరసలో నిలబడి పాడుతున్న పిల్ల ఉన్నట్టుండి వెనక్కి విరుచుకు పడిందని, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయని, నోట్లోంచి నురగ వచ్చిందని బడి ఆయా వచ్చి చెప్పింది. అప్పుడు స్వర్ణలత నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని షర్టుల కంపెనీలో కుట్టుమిషన్ ముందు ఉంది. సగం కుట్టిన కాలరు అలాగే వదిలేసి పరుగెత్తింది. ఆమె వెళ్లేసరికి రవళి హెడ్‌మాస్టరు గదిలో బల్ల మీద పడుకుని ఉంది. తల్లిని చూసి, ఏమీ ఎరగనట్టు, "అమ్మా, నా చెప్పొకటి పోయిందే" అంది.

అది 2011లో, వినాయక చవితికి ముందు వారం. రవళికి తొమ్మిదేళ్లు. తొక్కుడుబిల్లలో వాడకట్టు మొత్తానికీ ఆమెదే గెలుపు. టీచర్లు ఎలా నడుస్తారో, ఎలా తిడతారో చేసి చూపించి ఇంటిల్లిపాదినీ నవ్వించేది. అలాంటి పిల్ల మళ్లీ రెండు రోజులకే అన్నం తింటూ తింటూ పళ్లెం మీదికి వాలిపోయింది.

ఉప్పల్‌లో పిల్లల నరాల డాక్టరు జనార్ధనరావుకు మంచి పేరుంది. ఆయన రవళి తలకు వైర్లు పెట్టించి పరీక్ష చేయించి, కాగితం చూసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"మూర్ఛ. భయపడకండి, మందులతో తగ్గిపోతుంది. కానీ ఒక్క పూట కూడా ఆపొద్దమ్మా. మధ్యలో ఆపితే మళ్లీ వస్తాయి. ఈసారి వస్తే తొందరగా ఆగకపోవచ్చు."

బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. స్వర్ణలత ఆ మాటను మనసులో గట్టిగా పట్టుకుని బయటికి వచ్చింది. ఒక్క పూట కూడా ఆపొద్దు.

ఇంట్లో అత్తగారు సారలమ్మ గోలీలను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఎన్ని దినాలు ఎయ్యాలె?"

"మూడేండ్లట అత్తమ్మా."

సారలమ్మ గోలీలు గూట్లో పెట్టి, లేచి వెళ్లి వాకిట్లో కూర్చుంది. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. ఆకలి లేదేమో అనుకుని స్వర్ణలత పెద్దగా పట్టించుకోలేదు.

గోలీలు పనిచేశాయి. రవళి మళ్లీ పడలేదు. కొంచెం మత్తుగా ఉండేది, అంతే. నిమజ్జనం మర్నాడు బోడుప్పల్ నుంచి ఆడపడుచు యాదమ్మ ఫోన్ చేసింది. ఆమె మొగుడు కొత్త అపార్టుమెంట్ల దగ్గర మేస్త్రీ పని చేస్తాడు. ఏడుపు గొంతుతో మాట్లాడింది.

"స్వర్ణా, మా సాయికిరణ్‌గాడు గణపతి బండి ముంగట ఎగురుకుంటనే పడిపోయిండే. మన రవళికి వచ్చినట్టే. మీరు జూపిచ్చిన డాక్టరేడ ఉంటడు?"

స్వర్ణలత ధైర్యం చెప్పింది. ఉప్పల్లో ఏ సందులో ఎటు తిరగాలో విడమరిచి చెప్పింది. "మస్తు మంచి డాక్టరు వదినె. మా పిల్లకు మళ్ల రానేలేదు సూడు. ఒక్కటే మాట, గోలీలు ఒక్క పూట గూడ ఆపొద్దు" అంది. ఫోన్ పెట్టేశాక, ఒకరికి పనికొచ్చాననే తృప్తితో ఆమెకు ఆ పూట మనసు తేలికైంది.

అదే వారం సకల జనుల సమ్మె మొదలైంది. బళ్లు మూతపడ్డాయి, కొద్దిరోజులకు బస్సులు ఆగిపోయాయి, కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియకుండా పోయింది. స్వర్ణలత భర్త దుర్గేష్ లేతు మిషన్ మీద పనిచేసే కంపెనీ సగం రోజులే నడిచింది. మిగతా సగం అతను ఉప్పల్ రింగురోడ్డు దగ్గర టెంటులో కూర్చుని వచ్చేవాడు. వాళ్లు అద్దెకుంటున్న ఇంటి పైఅంతస్తులో ఇంటి యజమానురాలు పద్మావతి ఉండేది. కాకినాడ వైపు నుంచి పాతికేళ్ల కింద వచ్చి, ఇక్కడే టీచరుగా చేసి రిటైరైన మనిషి. సమ్మె మొదలయ్యాక పైవాళ్లకీ కిందివాళ్లకీ మధ్య మాటలు కాస్త తగ్గాయి. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. ఊరికే తగ్గాయి.

రవళికి జ్వరం వచ్చింది ఆ రోజుల్లోనే. ముందు కళ్లు ఎర్రబడ్డాయి. తర్వాత పెదాలు పగిలాయి. "గొంతుల ముల్లు గుచ్చుకున్నట్టున్నది అమ్మా" అని అన్నం వద్దంది. సందు చివర సూదులు వేసే ఆర్‌ఎంపీ బుచ్చిబాబు వచ్చి నోరు తెరిపించి చూశాడు.

"తట్టు లాగుందమ్మా. తిరుగుతోంది కదా ఇప్పుడు. జ్వరానికి సిరప్ ఇస్తాను, అదే తగ్గిపోద్ది."

మర్నాటికి రొమ్ము మీద ఎర్రటి మచ్చలు లేచాయి. కొన్ని మచ్చల నడుమ నల్లగా, దెబ్బ కమిలినట్టు ఉంది. సారలమ్మ మనవరాలి చొక్కా పైకెత్తి చూసి, మెల్లగా కిందికి దించింది. వెళ్లి వేపమండలు తెచ్చి గుమ్మానికి కట్టింది. చెంబులో నీళ్లు, పసుపు, వేపాకు కలిపి పోచమ్మ పేరున వాకిట్లో సాక పోసింది. తర్వాత కోడలి దగ్గరికి వచ్చింది.

"తల్లి పోసింది స్వర్ణా. ఇగ తాలింపు ఎయ్యొద్దు, నీసు వండొద్దు. ఎవ్వల్నీ లోపలికి రానీయొద్దు. ఆ గోలీలు గూడ ఎయ్యొద్దు."

"అవి జ్వరం గోలీలు గావత్తమ్మా, ఫిట్స్‌వి. ఆపితే ఫిట్స్ వస్తయి."

"వస్తే రానీ. తల్లి ఇంట్ల ఉండంగ గోలీ ఏస్తే తల్లికి కోపమొస్తది. నా మాటిను బిడ్డా. ఒక్క గోలీ గూడ ఎయ్యకు."

ఆ మాట అంటూ ముసలామె కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. స్వర్ణలతకు విసుగొచ్చింది. పదో తరగతి చదివింది తను. అమ్మవారు పోస్తే మందు వేయకూడదనే మాటలు ఆమె చిన్నప్పటి నుంచీ విని, వాటిని నమ్మకూడదని కూడా నేర్చుకుంది. అత్తతో వాదించి లాభం లేదనుకుని సరేనంది. సారలమ్మ కళ్ల ముందే గోలీల అట్టను తీసి బీరువాలో పెట్టింది.

ఆ సాయంత్రం అత్త వాకిట్లో ఉండగా స్వర్ణలత గోలీని చెంచాతో నలిపి, బెల్లం నీళ్లలో కలిపి రవళి నోట్లో పోసింది. పిల్ల మింగలేక విలవిల్లాడింది.

"మండుతుందే..."

"కొంచెమే. మింగు తల్లీ. మా బంగారం గదా."

పొద్దున మళ్లీ పోసింది. సాయంత్రం మళ్లీ. పిల్ల నోరంతా పుండై, పెదాల మీద నల్లటి చెక్కు కట్టి, నీళ్ల చుక్క తగిలినా కీచుమనే స్థితికి వచ్చాక కూడా, స్వర్ణలత ఆ నోటిని రెండు వేళ్లతో తెరిచి మందు పోసింది. మందు ఆగితే ఫిట్స్ వస్తాయి. ఈసారి వస్తే ఆగకపోవచ్చు. ఆ భయం ముందు మిగతావన్నీ చిన్నవిగా కనిపించాయి. దుర్గేష్ రెండుసార్లు "దవాఖానకు పోదామా" అన్నాడు. "తల్లి ఉన్నప్పుడు గడప దాటిచ్చొద్దురా" అని సారలమ్మ అడ్డం కూర్చుంది. బుచ్చిబాబు మాత్రం తట్టు ఎండిపోవడానికి టైము పడుతుందని చెప్పి పోతున్నాడు.

ఒక పొద్దున రవళి కళ్లు తెరవలేకపోయింది. రెప్పలు అతుక్కుపోయాయి. ఒళ్లు కాలిపోతోంది. స్వర్ణలత తడిగుడ్డ పిండి చెయ్యి తుడవబోయింది. మణికట్టు పట్టుకుని కొంచెం పైకి లేపిందో లేదో, ఆమె బొటనవేలి కింద ఏదో జారింది. పాల మీద మీగడ జరిగినట్టు, పిల్ల చర్మం పక్కకు జరిగి ముడతపడింది. కింద ఎర్రగా, తడిగా ఉంది. రవళి అరవలేదు. అరిచే ఓపిక లేదు. గొంతులోంచి సన్నగా గాలి మాత్రం వచ్చింది.

అరిచింది స్వర్ణలత. ఆ అరుపుకు పైనుంచి పద్మావతి మెట్లు దిగి వచ్చింది. గుమ్మానికి కట్టిన వేపమండలను చేత్తో తప్పించి లోపలికి నడిచింది.

"లోపలికి రావద్దు టీచరమ్మా, తల్లి ఉన్నది..." అని సారలమ్మ లేవబోయింది.

పద్మావతి మంచం దగ్గర వంగి పిల్లను చూసింది. లేచి నిలబడినప్పుడు ఆమె ముఖం పాలిపోయి ఉంది. "ఇన్నేళ్లు పిల్లల మధ్య బతికానమ్మా. తట్టు చూశాను, ఆటలమ్మ చూశాను. ఇది ఆ రెండూ కాదు. దుర్గేష్, నూటెనిమిదికి ఫోన్ చెయ్యి. ఇంకా చూస్తావేం?"

అంబులెన్సులో పిల్లను దుప్పటి మీద ఎత్తి పడుకోబెట్టారు. దుప్పటిని తీసేటప్పుడు వీపు మీది చర్మం దానితో కొంత వచ్చేసింది.

సికింద్రాబాద్ వైపున్న పెద్ద సర్కారు దవాఖానాలో చర్మరోగాల డాక్టరు బిందుమాధవి. ముప్పై అయిదేళ్లుంటాయి. రవళి మీద కప్పిన గుడ్డ తీసి చూసిన మరుక్షణం ఆమె నర్సుల్ని పిలిచి గబగబా నాలుగు మాటలు చెప్పింది. తర్వాత వీళ్ల వైపు తిరిగింది.

"పాపకు ఏం మందులు వాడుతున్నారు?"

"ఏమిస్తలేమమ్మా," అంది సారలమ్మ. "ఫిట్స్ గోలీలు గూడ బంద్ జేసినం. తల్లి పోసిందని."

"ఎప్పుడు ఆపారు?"

స్వర్ణలత నేల వైపు చూస్తూ కొంగులో కట్టుకున్న గోలీల అట్టను విప్పి డాక్టరు చేతిలో పెట్టింది.

"ఆపలే మేడం. పొద్దుగాల గూడ ఇచ్చిన."

సారలమ్మ కోడలి వైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు. భయం ఉంది.

డాక్టరు అట్ట మీది పేరు చదివింది. "ఇదే," అంది. "అమ్మవారు కాదు, తట్టు కాదు. ఈ మందు మీ పాపకు పడలేదు. ఒళ్లు లోపలి నుంచి కాలినట్టు అవుతుంది. కళ్లు, నోరు, గొంతు, అన్నీ. ఇంకొక్క మాత్ర కూడా వేయకూడదు."

"బతుకుతదా మేడం?" దుర్గేష్ అడిగాడు.

ఆమె "కాలిన గాయాల వార్డులో పెడుతున్నాం. చెయ్యాల్సిందంతా చేస్తాం" అని మాత్రం అంది.

రవళి మంచం మీద అరిటాకులు పరిచి పడుకోబెట్టారు. గుడ్డ అయితే ఒంటికి అంటుకుపోతుంది. అద్దం తలుపు వెనక ఆ పచ్చటి ఆకుల మీద పిల్ల ఎర్రగా కనిపిస్తూ ఉంటే స్వర్ణలత అక్కడ నిలబడలేకపోయింది, అక్కణ్నుంచి కదలనూ లేకపోయింది.

మధ్యాహ్నం బిందుమాధవి వచ్చి ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

"కొందరికి పుట్టుకతోనే రక్తంలో ఒక గుర్తుంటుంది. దానివల్ల రోగమేమీ రాదు. వాళ్లు మామూలుగా పెరుగుతారు, ఆడుకుంటారు. కానీ ఇలాంటి ఫిట్స్ మందు ఒంట్లో పడిందంటే, ఒళ్లే ఒంటి మీద తిరగబడొచ్చు. గుర్తున్న అందరికీ కాదు, కొందరికి. అయితే మాత్రం ఇదిగో, ఇలాగే అవుతుంది. అది తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. మన దగ్గర డాక్టర్లు దీని గురించి ఈమధ్యనే పట్టించుకుంటున్నారు. మీ రెండు కుటుంబాల్లో ఎవరికైనా ఫిట్స్ మందు వాడుతుండగా ఇలా ఒళ్లంతా బొబ్బలు రావడం, చనిపోవడం, ఏమైనా జరిగిందా?"

తన వైపు అలాంటిదేమీ లేదని స్వర్ణలత తల అడ్డంగా ఊపింది. దుర్గేష్ కూడా లేదనబోయాడు.

"కొమురెల్లి," అంది సారలమ్మ.

ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకగా స్వర్ణలత వినలేదు. దుర్గేష్‌కు ఒక అన్న ఉండేవాడని, అమ్మవారు పోసి చిన్నప్పుడే చనిపోయాడని మాత్రం తెలుసు.

"నా పెద్ద కొడుకు. పన్నెండేండ్లు నిండినయ్. గిట్లనే ఫిట్స్ వస్తుండె. భువనగిరి డాక్టరు గోలీలిచ్చిండు. ఆపకు అన్నడు. నేను ఆపలే. ఒళ్లంత తల్లి పోసింది. గప్పుడు గూడ ఆపలే. నోరు దెరవకపోతే చెంచతోని పండ్లు ఇడిపిచ్చి పోసిన. నాలుగొద్దులకు పోయిండు." ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. "తల్లి ఇంట్ల ఉండంగ మందు పోసిన గద, గందుకే కోపం జేసి తీస్కపోయిందనుకున్న. ముప్పై ఏండ్ల సంది బోనమెత్తి తప్పయిందని మొక్కుతనే ఉన్న. గందుకే ఈ పిల్లకు వద్దంటి."

డాక్టరు ఆమె దగ్గరికి వంగి నెమ్మదిగా, "మీరు మందు వద్దన్నది మంచిదే పెద్దమ్మా. కారణమే వేరు. కానీ గడప దాటించకుండా ఆపారు చూడండి, అది పాపకు చెరుపు చేసింది" అంది. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు దుర్గేష్ వైపు తిరిగింది. "మీ తోబుట్టువుల పిల్లలు ఎవరైనా ఫిట్స్ మందులు వాడుతున్నారా?"

స్వర్ణలత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"సాయికిరణ్," అంది. "ఆ డాక్టర్నే జూపిచ్చుకొమ్మని నేనే చెప్పిన. ఆపొద్దని గూడ నేనే చెప్పిన."

యాదమ్మ ఫోన్ పలకలేదు. స్విచాఫ్ అని వచ్చింది. బోడుప్పల్‌లో పొద్దుట్నుంచీ కరెంటు లేదని తర్వాత తెలిసింది. బస్సులు లేవు, ఆ రోజు ఆటోలూ బంద్. దుర్గేష్ తనతో పనిచేసే ఒకతన్ని పిలిపించి అతని బండి తీసుకుని బయల్దేరాడు.

హబ్సిగూడ దాటి ఉప్పల్ రింగురోడ్డు చేరేసరికి రోడ్డంతా జనం. అడ్డంగా రాళ్లు పెట్టి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. పక్కన ఉన్నది రెండు రోజుల కింద దుర్గేష్ కూర్చున్న టెంటే. బండిని ఆపేశారు.

"అన్నా, పోనియ్యన్నా. పిల్లగాని పానం మీదికొచ్చింది."

"అందరు గిదే జెప్తున్నరు తమ్మీ..." అంటూ ఒకతను దగ్గరికొచ్చి దుర్గేష్ ముఖం చూశాడు. ఇంకో మాట అడగలేదు. రాయి పక్కకు జరిపి, "జరగుండ్రి! జాగ ఇయ్యుండ్రి!" అని అరిచాడు. జనం పాయలుగా విడిపోయి దారిచ్చారు. నినాదాలు కాసేపు ఆగి, అతని వెనక మళ్లీ మొదలయ్యాయి.

బోడుప్పల్‌లో యాదమ్మ గది ముందు బట్టలు ఆరేస్తోంది. తమ్ముణ్ని చూసి నవ్వింది.

"ఏంది తమ్మీ, గీ యాళప్పుడు?"

"సాయిగాడేడి?"

"ఆడుకోవోయిండు. ఏమైందిరా?"

"గోలీలు ఏస్తున్నవా?"

"ఏస్తున్న. పొద్దుగాల గూడ ఏసిన."

దుర్గేష్ పరుగెత్తాడు. సగం కట్టిన అపార్టుమెంటు పక్కన ఇసుక కుప్పల మీద నలుగురైదుగురు పిల్లలు దొర్లుతున్నారు. సాయికిరణ్ మేనమామను చూసి కిందికి జారి వచ్చాడు. వాడి రెండు కళ్లూ ఎర్రగా ఉన్నాయి.

"కండ్లేందిరా గట్లున్నయ్?"

"ఇసుక వడ్డది మామా."

"ఎప్పుడు?"

"తెల్వదు. నిన్నట్సంది మండుతున్నయ్."

దుర్గేష్ వాణ్ని ఎండలోకి తిప్పి నోరు తెరవమన్నాడు. చెంప లోపల ఒక తెల్లటి పుండు ఉంది. చొక్కా ఎత్తాడు. కడుపు మీద ఏమీ లేదు. ఎద మీద, మెడ కింద, నాలుగైదు ఎర్రటి చుక్కలు. చీమ కుట్టినట్టు ఉన్నాయి. ఇంకొకరైతే చూసి వదిలేసేవాళ్లు.

యాదమ్మ కొడుకును తీసుకుపోనివ్వలేదు. చెయ్యి పట్టుకుని లాగింది. "మందు ఆపితే మళ్ల పడుతడురా! నడి తొవ్వల పడితే ఏం జేస్తవ్? డాక్టరంత గట్టిగ జెప్పిండు గద!"

"పడితే లేపుకుందామక్కా." అన్నాడు దుర్గేష్. "మా రవళి తోలు ఊడొచ్చిందే. స్వర్ణ చేతులకు ఊడొచ్చింది."

యాదమ్మ చెయ్యి వదిలేసింది. అప్పుడు ఆమెకు ఏం గుర్తొచ్చిందో, ఇసుక కుప్ప పక్కనే కూలబడి, "అన్న... కొమురెల్లన్న..." అంది. కొమురెల్లి పోయినప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు. ఆ ఒంటిని ఆమె చూసింది.

సాయికిరణ్‌కు దవాఖానాలో జ్వరం పెరిగింది. మచ్చలు వీపుకు పాకాయి. రెండు రోజులు అందరూ వాడి ఒంటినే చూస్తూ కూర్చున్నారు. ఏ మచ్చ ఎక్కడ లేస్తుందో, ఏది బొబ్బ కడుతుందోనని. మూడో రోజు మచ్చల రంగు కొంచెం మాసింది. ఇంకో జాతి ఫిట్స్ మందు మొదలుపెట్టారు. ఆ మందు మొదటి గోలీ వేసేటప్పుడు యాదమ్మ చేతిలోంచి అది జారి కింద పడిపోయింది. నర్సే వేసింది.

రవళి సంగతి అలా కాలేదు. ఒళ్లు సగానికి పైగా ఊడిపోయింది. రోజుకు చాలాసార్లు కళ్ల డాక్టరు వచ్చి, అతుక్కుంటున్న రెప్పల్ని సన్నటి గాజుపుల్లతో విడదీసేవాడు. అప్పుడు మాత్రం పిల్లకు ఎక్కణ్నుంచో గొంతు వచ్చేది. ఆ అరుపు నడవా చివరి దాకా వినిపించేది. బయట బస్తీల్లో బతుకమ్మ మొదలైంది. సాయంత్రం చప్పట్లు, పాటలు గాలిలో వచ్చేవి. నడవాలో అత్తా కోడళ్లు గోడకు ఆనుకుని కూర్చునేవారు. అన్నం కూడా వేర్వేరుగానే తినేవారు.

ఒక సాయంత్రం స్వర్ణలత తన రెండు చేతులనూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ, "నోరు దెరిపిచ్చి పోసిన అత్తమ్మా. మంటయితుందే అన్నది. అయినా పోసిన" అంది.

సారలమ్మ తలూపింది. "మావోడు గూడ గదే మాటన్నడు."

సారలమ్మ జరిగి దగ్గరగా కూర్చుంది. ఆ తర్వాత ఇద్దరూ వేర్వేరుగా అన్నం తినలేదు.

దుర్గేష్ ఒక రోజు ఉప్పల్‌లో జనార్ధనరావు క్లినిక్‌కు వెళ్లాడు. కొట్టాలనే వెళ్లాడు. డాక్టరు అతను చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఆపలేదు, కాదనలేదు. "పదిహేనేళ్లుగా రాస్తున్నానయ్యా ఆ మందు. వందల పిల్లలకు. ఇలా ఒక్కసారి కూడా కాలేదు" అన్నాడు చివరికి. తర్వాత, "మచ్చలొస్తే ఆపి నా దగ్గరికి రమ్మని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది" అన్నాడు. తలుపు అవతల పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తల్లులు వరసగా కూర్చుని ఉన్నారు. దుర్గేష్ వాళ్లను చూస్తూ బయటికి వచ్చేశాడు. వాళ్లలో ఎవరి పిల్లకు అవుతుందో ఆ పిల్లల ముఖాల్లో ఏమీ కనిపించలేదు.

దీపావళి దాటాక రవళిని ఇంటికి పంపారు. బతికింది. చేతిగోళ్లు రాలిపోయి కొత్తవి వస్తున్నాయి. ఒంటి మీద తెల్లవీ నల్లవీ మచ్చలు మిగిలాయి. కళ్లలో తడి ఊరడం ఆగిపోయింది. గంట గంటకూ చుక్కలు వెయ్యాలి, ఎండలోకి వస్తే సూదులు గుచ్చినట్టు ఉంటుంది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని గడప లోపల కూర్చుని, తొక్కుడుబిల్ల ఆడుతున్న పిల్లల అరుపులు వింటూ ఉండేది. టీచర్లను అనుకరించడం మానేసింది. ఏదైనా తినిపించబోతే ముందు "ఏమున్నదిండ్ల?" అని అడిగేది. తల్లి చెంచాతో పెరుగన్నం పెట్టినా అడిగేది. స్వర్ణలత ప్రతిసారీ చెప్పేది. ఏమీ కలపలేదని ఒట్టు పెట్టి మరీ చెప్పేది. అయినా పిల్ల ముందు నాలుక కొసతో రుచి చూసేది.

బిందుమాధవి పంపించిన రక్తపరీక్షల సంగతి కొన్నాళ్లకు తెలిసింది. ఆ గుర్తు రవళికి ఉంది. దుర్గేష్‌కు ఉంది. సాయికిరణ్‌కు, యాదమ్మకు, సారలమ్మకు ఉంది. స్వర్ణలతకు లేదు. తనకు లేదని విన్నప్పుడు ఆమెకు ఊరట కలగలేదు.

"నాకెవలిచ్చిన్రు?" అని అడిగింది సారలమ్మ.

"మీ అమ్మో, నాన్నో. వాళ్లకు వాళ్ల పెద్దవాళ్లు," అంది డాక్టరు. "మీ తోడబుట్టిన వాళ్లకూ ఉండొచ్చు. వాళ్ల పిల్లలకు, మనవలకు. అందరికీ ఉండదు. ఎవరికి ఉందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఈ మందు పేరు మాత్రం వాళ్లకు గుర్తుండాలి."

సారలమ్మ ఆ మందు పేరు చెప్పించుకుంది. కార్బమజెపిన్. మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. దారంతా పెదాలు కదుపుతూ వచ్చింది.

సంక్రాంతి పోయాక ఒక ఆదివారం ఆమె స్వర్ణలతను వెంటబెట్టుకుని చిలకానగర్‌లో తమ్ముడు మైసయ్య ఇంటికి వెళ్లింది. మైసయ్యకు ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు. వాకిలి నిండా మనవలు. టీలు అయ్యాక సారలమ్మ వచ్చిన పని చెప్పింది. కొమురెల్లి గురించి, రవళి గురించి, రక్తంలో గుర్తు గురించి, తనకు తెలిసినంత వరకు చెప్పింది. పిల్లలందరికీ పరీక్ష చేయించమంది.

మైసయ్య బీడీ ఆర్పేశాడు.

"అక్కా, నీ ఇంట్ల అయ్యింది నా ఇంటికి దేకు. మా పిల్లలకు ఫిట్సు లేవు, గిట్సు లేవు."

"ఇయ్యాల లేవురా. రేపొస్తే? డాక్టరు గదే గోలీ రాస్తే?"

"గప్పుడు జూద్దాం."

పెద్దకోడలు లోపలి నుంచి వచ్చి ఖాళీ గ్లాసులు తీసుకుంటూ, "పెద్దమ్మా, జర మెల్లగ మాట్లాడు. పక్కింటోళ్లు ఇంటరు. మా ఇంట్ల ఏదో రోగమున్నదని నలుగుట్ల వడితే మళ్ల ఆడివిల్లల పెండ్లిల్లు గావాలె గద" అంది.

స్వర్ణలతకు ఒళ్లు మండింది. లేవబోయింది. సారలమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. తను లేచి వాకిట్లోకి వెళ్లి పిల్లల మధ్య కింద కూర్చుంది.

"మీకొక పేరు జెప్త. ఎవలు తప్పు లేకుంట అంటరో సూత్త."

పిల్లలు చుట్టూ మూగారు. ఆమె చెప్పింది. ఆమె నోట్లోనే అది సగం వంకరపోయింది. పిల్లలు పకపకా నవ్వారు. ఒకడు "కారంబజ్జీ" అన్నాడు. ఇంకొకతె సరిగ్గా అంది. సారలమ్మ దాన్ని మెచ్చుకుని మళ్లీ అనమంది. కాసేపటికి వాకిలంతా ఆ పేరే. గెంతుతూ, చప్పట్లు కొడుతూ, ఒకరి మీద ఒకరు పోటీ పడి అరిచారు. మైసయ్య గోడవైపు ముఖం తిప్పుకుని ఇంకో బీడీ ముట్టించాడు. పెద్దకోడలు గుమ్మంలోకి వచ్చి, "ఏం పాటరా అది? నడువుండ్రి లోపలికి" అని కసిరింది. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి పోయారు.

అందరికంటే చిన్నది మాత్రం కదలలేదు. నాలుగేళ్లుంటాయి. నిలబడి ఎడమచెయ్యి గోక్కుంటోంది. సారలమ్మ దాన్ని దగ్గరికి లాక్కుని, చెయ్యి పట్టుకుని, వెలుతురు వైపు తిప్పింది. మోచెయ్యి కింద చిన్నగా ఎర్రగా ఉంది.

"దోమ గుట్టింది," అంది పాప.

సారలమ్మ ఆ చెయ్యి వదలలేదు. స్వర్ణలత వచ్చి పక్కన వంగింది. ఇద్దరూ ఆ నున్నటి చర్మాన్ని, దాని మీది ఎర్రటి చుక్కను చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయారు. లోపలి నుంచి తల్లి మళ్లీ పిలిచింది. పాప చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది.